గుర్రాలు మేసే కొండల మీదుగా మౌంట్ రోజర్స్‌కు

వర్జీనియా రాష్ట్రంలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం మౌంట్ రోజర్స్. ఎత్తు 5,729 అడుగులు. శిఖరం ఎక్కితే నాలుగు దిక్కులా కొండలు కనిపిస్తాయని ఆశపడేవారికి ముందే చెప్పేస్తాను, పైన దట్టమైన చెట్లు తప్ప ఏమీ కనిపించదు. అయినా తూర్పు అమెరికాలో ఒక్క రోజు నడకకు ఎక్కడికి వెళ్ళాలని ఎవరు అడిగినా నేను ఈ కొండ పేరే చెబుతాను. దానికి చేరే దారి అలాంటిది. గ్రేసన్ హైలాండ్స్ స్టేట్ పార్కులో మొదలై నాలుగున్నర మైళ్ళు సాగే ఆ దారిలో చాలా భాగం ఆకాశం కిందే నడుస్తాం. రెండు పక్కలా పచ్చిక బయళ్ళు, నల్లటి రాతి గుట్టలు, వాటి మధ్య స్వేచ్ఛగా మేస్తున్న పొట్టి గుర్రాలు.

ఉత్తర కరోలినాలోని షార్లెట్ నుంచి కారులో సుమారు రెండున్నర గంటలు, రాలీ నుంచి మూడున్నర గంటలు పడుతుంది. వాషింగ్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకు ఆరు గంటల ప్రయాణం, అంటే ఒక రాత్రి ఆగక తప్పదు. చివర్లో వచ్చే 58వ నంబరు రోడ్డు కొండ అంచులు పట్టుకుని మెలికలు తిరుగుతుంది. కారులో కడుపు తిప్పే పిల్లలుంటే నెమ్మదిగా పోవడం మేలు. పెట్రోలు బంకులు అరుదు కాబట్టి ట్యాంకు నింపుకునే వెళ్ళాలి. ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. మ్యాపు ముందే ఫోనులో దించుకోండి. పడమరన ఉన్న డమాస్కస్ అనే చిన్న ఊరి వైపు నుంచి వచ్చేవారు రోడ్డు పరిస్థితి కనుక్కుని బయలుదేరాలి. 2024 సెప్టెంబరులో వచ్చిన హెలీన్ తుపాను అటువైపు రోడ్లను, వంతెనలను బాగా దెబ్బతీసింది. సైకిళ్ళ వాళ్ళకు ప్రాణమైన వర్జీనియా క్రీపర్ ట్రెయిల్‌లో డమాస్కస్, వైట్‌టాప్ మధ్య భాగం కొట్టుకుపోయింది.

బస విషయంలో నా అభిప్రాయం గట్టిది. వీలుంటే పార్కులోపలే ఉండండి. హికరీ రిడ్జ్ అనే క్యాంపు మైదానంలో డేరా వేసుకునే చోట్లున్నాయి, స్నానాల గదుల్లో వేడినీళ్ళు వస్తాయి. డేరా అలవాటు లేనివారికి యర్ట్ అనే గుండ్రటి గుడారపు గదులున్నాయి. లోపల మంచాలుంటాయి, నేల మీద చెక్క పలకలు పరిచి ఉంటాయి. మా అమ్మానాన్నలను తీసుకెళ్ళింది అందులోకే. అమ్మకు మొదట సందేహం ఉన్నా, తెల్లవారి తలుపు తీసేసరికి మంచు మేఘం గుమ్మం దాకా వచ్చి ఉండడం చూశాక ఇంకో రాత్రి ఉందామని ఆమే అడిగింది. శీతకాలంలో క్యాంపు మూసేస్తారు. వేసవి, శరదృతువు వారాంతాలకు నెలల ముందే బుక్ చేసుకోకపోతే దొరకడం కష్టం. వంటచెరకు ఇంటి నుంచి తీసుకెళ్ళకండి. దానితోపాటు చెట్లను చంపే పురుగులు కొత్త అడవుల్లోకి చేరతాయి. అక్కడే కొనుక్కోవాలి.

పార్కులో చోటు దొరకకపోతే ఉత్తర కరోలినా వైపు వెస్ట్ జెఫర్సన్ నాకు నచ్చిన ఊరు. చిన్న బజారు, శుభ్రంగా ఉంటుంది, తినడానికి నాలుగు చోట్లు దొరుకుతాయి. 1930 నుంచి నడుస్తున్న యాష్ కౌంటీ చీజ్ కార్ఖానా అక్కడే ఉంది. చీజ్ తయారవుతుంటే అద్దాల్లోంచి చూడవచ్చు, పిల్లలు కదలరు. ఇంకో దిక్కున అబింగ్డన్ పెద్ద ఊరే. 1933లో మొదలైన బార్టర్ థియేటర్ అనే నాటకశాల అక్కడిదే. మంచి హోటళ్ళూ ఉన్నాయి. కానీ అక్కడి నుంచి పార్కుకు గంటకు పైగా పడుతుంది. పొద్దున్నే నడక మొదలుపెట్టాలనుకునేవారికి ఆ దూరం భారం. హైవే పక్కన ఒక చవక మోటెల్‌లో కూడా ఒకసారి దిగాం. గది నిండా సిగరెట్ కంపు, మార్చమంటే ఖాళీ లేదన్నారు. ఆ మిగిలిన డబ్బుకు ఆ రాత్రి నిద్ర పాడుచేసుకోవడం దండగ.

ఇక నడక. మాసీ గ్యాప్ అనే చోట కారు నిలుపుతారు. రుసుము ఉంటుంది. ఆ స్థలం పగటి సందర్శకులకు మాత్రమే. కొండ మీద రాత్రి గడిపేవారికి వేరే చోటుంది, అక్కడే నిలపాలి. అక్టోబరు శనివారాల్లో పది గంటలకల్లా మాసీ గ్యాప్ నిండిపోతుంది. పని రోజుల్లో వెళ్ళగలిగితే అంతకంటే అదృష్టం లేదు. కంచెలో ఉన్న గేటు దాటి, దాన్ని మళ్ళీ మూసి, పచ్చికలో పైకి నడవాలి. అర మైలు పోయాక అపలాచియన్ ట్రెయిల్ కలుస్తుంది. జార్జియా రాష్ట్రం నుంచి మెయిన్ రాష్ట్రం దాకా దాదాపు 2,200 మైళ్ళు పోయే దారి అది. చెట్ల మీద, రాళ్ళ మీద తెల్లటి గీతలు దానికి గుర్తు. మౌంట్ రోజర్స్‌కు వెళ్ళాలంటే ఆ దారిలో దక్షిణం వైపు అని బోర్డు మీద ఉన్న బాణాన్ని పట్టుకోవాలి.

గుర్రాల కోసం దూరం పోనక్కరలేదు. చాలా రోజుల్లో ఈ మొదటి మైలులోపే కనిపిస్తాయి. మాకు ఒక రాతిగుట్ట మలుపు తిరగగానే ఎదురయ్యాయి. ఎత్తు మనిషి నడుము దాటి కాస్త పైకి, అంతే. గోధుమ రంగు ఒంటి మీద తెల్లటి మచ్చలున్న ఆడగుర్రం ఒకటి తల ఎత్తకుండా మేస్తోంది. జూలు చిక్కులుపడి కళ్ళను కప్పేసింది. తోక నేలను తాకుతోంది. గాలి ఒక్క క్షణం ఆగినప్పుడు పళ్ళ మధ్య గడ్డి పుటపుట తెగే చప్పుడు స్పష్టంగా వినిపించింది. పక్కనే దాని పిల్ల కాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. “అమ్మా, అది నన్నే చూస్తోంది” అని మా చిన్నది గుసగుసలాడింది, ఎక్కడ భయపడి పోతుందోనని.

మా నాన్న మాత్రం గుర్రాలను వదిలి నేలను చూస్తున్నారు. పల్నాడులో పశువుల మధ్య పెరిగిన మనిషి ఆయన. “పశువు తిరిగే నేల ఇలాగే ఉంటుందిరా. నోరు పడని చోట చూడు, కంప ఎలా లేచిందో” అన్నారు. నిజంగానే కంచెకు అటువైపు ముళ్ళపొదలు నడుము ఎత్తున అల్లుకుని ఉన్నాయి. ఇటువైపు గడ్డి కత్తిరించినట్టు పొట్టిగా ఉంది.

ఆయన చూసిందే ఈ కొండ కథ మొత్తం. ఒకప్పుడు ఇదంతా అడవి. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలప కోసం చెట్లు నరికారు. మిగిలిన కొమ్మలకు నిప్పంటుకుని కాలింది. ఆ తర్వాత రైతులు పశువులను మేపారు. అలా కొండ బయలైంది. 1965లో స్టేట్ పార్కు, 1966లో చుట్టూ మౌంట్ రోజర్స్ జాతీయ విహార ప్రాంతం ఏర్పడ్డాయి. పశువులు తగ్గడంతో కంప లేవడం మొదలైంది. వదిలేస్తే కొన్నేళ్ళలో ఈ బయలు, ఈ దృశ్యం, ఇక్కడి బ్లూబెర్రీ పొదలు చెట్ల నీడలో కలిసిపోతాయి. అందుకని 1970ల మధ్యలో కేంద్ర అటవీ శాఖ షెట్లాండ్ జాతి రక్తమున్న ఈ పొట్టి గుర్రాలను తెచ్చి వదిలింది. చలికి తట్టుకునే దట్టమైన బొచ్చు, ఉన్న గడ్డితో సరిపెట్టుకునే స్వభావం వీటివి. ఇప్పుడు సుమారు వంద ఉన్నాయి. పొదలు నరికించడం లాంటి పనులు మనుషులు చేస్తున్నా, ఏడాది పొడవునా ఎండకూ మంచుకూ నిలబడి ఆ పని చేసేది ఇవే.

అందుకే వాటికి చిప్స్, ఆపిల్ ముక్కలు పెట్టేవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది. తాకవద్దు, మేత పెట్టవద్దు అని పార్కు బోర్డుల మీద స్పష్టంగా రాసి ఉంది. మనిషి చేతి తిండికి అలవాటుపడ్డ గుర్రం గడ్డి వదిలి సంచుల చుట్టూ తిరుగుతుంది, ఇవ్వకపోతే కరుస్తుంది, తంతుంది. మేం వెళ్ళిన రోజు ఒకాయన పసివాణ్ణి ఫొటో కోసం గుర్రం వెనక కాళ్ళ దగ్గరకు జరుపుతున్నాడు. మా ఆవిడ వెళ్ళి మర్యాదగా చెప్పింది, ఆయన విని వెనక్కి తీసుకున్నాడు. మనం దూరంగా కూర్చుంటే అవి మన ఉనికిని పట్టించుకోకుండా తమ పని చేసుకుంటాయి. అలా చూడడంలో ఉన్న ఆనందం ఏ సెల్ఫీలోనూ లేదు.

పార్కు సరిహద్దు దాటి జాతీయ అటవీ భూమిలోకి వెళ్ళాక విల్బర్న్ రిడ్జ్ వస్తుంది. నా లెక్కలో మొత్తం నడకకు ఇదే ప్రాణం. ఇక్కడి బండలు సుమారు 75 కోట్ల ఏళ్ళ కిందటి అగ్నిపర్వతాల నుంచి వచ్చిన రయోలైట్ శిల. వాటి మీద ఎక్కి నిలబడితే ఉత్తర కరోలినా కొండలు వరసలు వరసలుగా నీలంగా కనిపిస్తాయి. శిఖరం మీద దొరకని దృశ్యం ఇక్కడ కావలసినంత. ఫ్యాట్‌మ్యాన్ స్క్వీజ్ అనే ఇరుకు రాతి సందులోంచి దారి పోతుంది. వీపు సంచి తీసి చేత్తో పట్టుకుంటే తేలిక. దారి పొడవునా రాళ్ళే కాబట్టి మంచి పట్టున్న బూట్లు తప్పనిసరి. చెప్పులతో వచ్చి అర మైలులోనే వెనుదిరిగిన వాళ్ళను చూశాం.

రోడోడెండ్రాన్ గ్యాప్ పేరుకు తగ్గట్టు జూన్ మధ్యలో ఊదా రంగు పూలతో నిండిపోతుంది. తర్వాత థామస్ నాబ్ షెల్టర్. దీర్ఘయాత్రికులు రాత్రి పడుకునే రెండంతస్తుల చెక్క గది. వెనుక నీటి ఊట ఉంది, వడపోసుకునే తాగాలి. ఇక్కడి గుర్రాలు ఉప్పు కోసం చెమట పట్టిన సంచులను, చేతికర్రలను నాకుతాయి. ఎలుగుబంట్లూ తిరుగుతాయి కాబట్టి తిండిని వదిలి పక్కకు వెళ్ళకూడదు.

అక్కడికి కాస్త దూరంలో నీలి గీతల దారి కుడివైపు చీలుతుంది. చివరి అర మైలు. అడుగు పెట్టగానే గర్భగుడిలోకి వెళ్ళినట్టు వెలుతురు తగ్గి ఒళ్ళు చల్లబడుతుంది. రెడ్ స్ప్రూస్, ఫ్రేజర్ ఫర్ చెట్లు ఒత్తుగా నిలబడి ఉంటాయి. పడిపోయిన మొద్దుల మీద అరచేతి మందాన నాచు. క్రిస్మస్ చెట్టుగా అమెరికా ఇళ్ళలోకి వచ్చే ఫ్రేజర్ ఫర్ సహజంగా పెరిగే ఉత్తరపు కొస ఈ కొండే. శిఖరం అంటే ఒక బండ, దాని మీద సర్వేవారు బిగించిన లోహపు బిళ్ళ. ఈ కొండకు పేరిచ్చిన విలియం బార్టన్ రోజర్స్ వర్జీనియా మొదటి రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త. తర్వాత ఎంఐటీ స్థాపించింది ఆయనే. మన పిల్లలెందరో కలలుగనే ఆ విద్యాసంస్థ సంగతి చెప్పగానే మా పెద్దవాడు బండ మీద ఇంకాసేపు కూర్చున్నాడు. దృశ్యం లేదని ఈ అర మైలు మానేసేవారున్నారు. నేనైతే మానమని చెప్పను. అంత బయలు తిరిగాక ఆ చీకటి, ఆ తడి మట్టి వాసన మనసుకు బాగా పడతాయి.

రానూపోనూ దాదాపు తొమ్మిది మైళ్ళు. ఆగుతూ, చూస్తూ నడిస్తే ఆరేడు గంటలు. పదేళ్ళు దాటిన పిల్లలు చేయగలరు. అమ్మానాన్నలు మొదటి మైలు నడిచి గుర్రాల దగ్గర చాలాసేపు గడిపి కిందకు వెళ్ళారు. ఊరి నుంచి తల్లిదండ్రులు వచ్చినప్పుడు చూపించడానికి ఆ ఒక్క మైలు చాలు. ఓపికుంటే పార్కు విజిటర్ సెంటర్ దగ్గర మొదలయ్యే ట్విన్ పినకిల్స్ దారి మైలున్నర కంటే కాస్త ఎక్కువే, చూపు మాత్రం ఘనం. మోకాళ్ళు అసలు సహకరించని వారికి రాష్ట్రంలో రెండో ఎత్తైన కొండ వైట్‌టాప్ ఉంది. గులకరోడ్డు మీద దాదాపు పైదాకా కారు పోతుంది, కింద లోయలన్నీ విప్పారి కనిపిస్తాయి.

తిండి విషయంలో శాకాహారులు ఇంటి నుంచి కట్టుకుని వెళ్ళాల్సిందే. మాకు పులిహోర, దద్దోజనం ఆదుకున్నాయి. కింద ఉక్కపోసే రోజున కూడా పైన గాలి కొడుతుంది, మబ్బు పది నిమిషాల్లో కమ్ముకుంటుంది. స్వెట్టరు, వానకోటు ఏ నెలలోనైనా ఉండాలి. ఉరుము వినిపిస్తే బయలు మీద నిలబడకండి.

మే నెలలో అప్పుడే పుట్టిన గుర్రప్పిల్లలు కనిపిస్తాయి. ఆగస్టులో దారి పక్కన బ్లూబెర్రీలు. నాకు సెప్టెంబరు చివర ఇష్టం. విల్బర్న్ రిడ్జ్ పోనీ అసోసియేషన్ అనే స్థానికుల సంఘం అప్పుడు గుర్రాలను తోలుకొచ్చి పశువైద్యులతో పరీక్ష చేయిస్తుంది. మంద గడ్డికి మించి పెరగకుండా కొన్ని పిల్లలను వేలం వేస్తారు. ఆ వారాంతంలో పార్కులో ఉత్సవం జరుగుతుంది, కొండ సంగీతం వినవచ్చు. అప్పుడు గది కావాలంటే మాత్రం వేసవి మొదట్లోనే బుక్ చేసుకోండి.