నీటికాసులకు ఏ చుక్కలు మేలు: టిమోలాలా, లాటానోప్రోస్టా?

గుంటూరులో మందుల దుకాణం నడిపే నన్ను నీటికాసుల (గ్లాకోమా, అంటే సాధారణంగా కంటి లోపలి ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు) రోగులూ, వారి ఇంటివారూ పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. టిమోలాల్ అంత చవకగా దొరుకుతుంటే డాక్టరుగారు లాటానోప్రోస్ట్ ఎందుకు రాసినట్లు? ధర ఒక్కటే చూస్తే ప్రశ్న న్యాయమైనదే.

టిమోలాల్ 1978 నుంచి వాడుకలో ఉన్న మందు. కంటి లోపల ద్రవం ఊరడాన్ని అది తగ్గిస్తుంది, మామూలుగా రోజుకు రెండుసార్లు వేసుకోవాలి, రాత్రి నిద్రలో దాని ప్రభావం స్వల్పం. 1996లో వచ్చిన లాటానోప్రోస్ట్ ఆ ద్రవం బయటికి పోయే దారిని సుగమం చేస్తుంది. రాత్రి ఒక్క చుక్క చాలు, కంటి లోపలి ఒత్తిడి సుమారు 25 నుంచి 33 శాతం వరకు తగ్గుతుంది. టిమోలాల్‌తో తగ్గేది 20 నుంచి 25 శాతం.

అయితే నా దృష్టిలో ఎంపికను తేల్చవలసింది ఈ అంకెలు కావు, రోగి ఊపిరి, నాడి. కంట్లో వేసిన చుక్క అంతా కంట్లోనే ఉండదు. కొంత భాగం లోపలి మూలనున్న సన్నని గొట్టం గుండా ముక్కులోకి దిగి, అక్కడి పొర నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. మింగిన మాత్రలా ముందు కాలేయం గుండా పోదు కాబట్టి కొద్దిపాటి టిమోలాల్ అయినా శ్వాసనాళాలను బిగించగలదు, గుండె వేగాన్ని తగ్గించగలదు. ఉబ్బసం, సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు), మరీ నెమ్మదైన నాడి, హార్ట్ బ్లాక్ (గుండెను కొట్టించే విద్యుత్ సంకేతాలకు అడ్డంకి) ఉన్నవారు దానికి దూరంగా ఉండాలి. షుగరు రోగులలో చక్కెర పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ కూడా బయటపడకపోవచ్చు.

మిర్చి యార్డులో ఏళ్ల తరబడి కాయ ఎత్తిన ఒక పెద్దాయన, చొక్కా జేబులో ఇన్‌హేలర్ కనిపిస్తుండగానే, పక్కింటివారి టిమోలాల్ సీసా చూపించి అదే ఇమ్మన్నారు. “కంటి మందుకీ ఆయాసానికీ ఏం సంబంధం అండీ?” అన్నారు. ఇటువంటివారు కంటి డాక్టరుకు ఇన్‌హేలర్ సంగతి చెప్పరు, ఊపిరితిత్తుల డాక్టరుకు చుక్కల సంగతి చెప్పరు. చుక్క వేసుకున్నాక కన్ను మూసి లోపలి మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచితే రక్తంలోకి చేరేది తగ్గుతుంది గాని, ఆయాసం ఉన్నవారికి ఆ ఉపాయం అభయం కాదు.

లాటానోప్రోస్ట్‌కూ లోపాలున్నాయి. కళ్లు ఎర్రబడవచ్చు, రెప్పవెంట్రుకలు పొడవవుతాయి, కంటి చుట్టూ చర్మం నల్లబడవచ్చు. కంటిలో వాపు వచ్చినవారు, శుక్లాల ఆపరేషన్‌లో చిక్కులు ఎదురైనవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. మన ఊళ్లలో అసలు చిక్కు ఎండ. మామూలు రకం సీసాను తెరవకముందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య, తెరిచాక 25 డిగ్రీలు మించకుండా 6 వారాలు ఉంచవచ్చునంటారు. మే నెలలో 40 దాటే విజయవాడ, గుంటూరు ఇళ్లలో ఆ 25 ఎక్కడిది? తెరిచాక కూడా ఫ్రిజ్‌లోనే ఉంచండి, ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. బయట ఉంచదగిన రకాలూ దొరుకుతున్నాయి, కాకపోతే ఆ మాట పెట్టెపై అచ్చయి ఉందో లేదో చూసుకోవాలి.

ఇన్ని చెప్పినా, రెంటిలో మొదట ఏదంటే నా మొగ్గు లాటానోప్రోస్ట్ వైపే. ఊపిరి, గుండె బాగుండి ఖర్చు భారమైనవారికి టిమోలాల్ మంచి మందే, అయితే ఆ మార్పు డాక్టరే చేయాలి.

నీటికాసులకు వాడే వేరే చుక్కలూ ఉన్నాయి. వాటిలో బ్రిమోనిడిన్ మత్తునూ ఎలర్జీనీ తేవచ్చు, డోర్జోలమైడ్ మండుతుంది. ఇవి ఎక్కువగా తోడు మందులుగానే పనికొస్తాయి. వీటిని, లాటానోప్రోస్ట్‌ను కూడా, టిమోలాల్‌తో కలిపి ఒకే సీసాలో అమ్ముతారు. పైనున్న పేరు చూస్తే ఆ సంగతి తెలియకపోవచ్చు, కనుక ఇన్‌హేలర్ వాడేవారు సీసా తెరిచేముందు చీటీ మీద చిన్న అక్షరాలలో ఉన్న మందుల పేర్లను ఎవరిచేతనైనా చదివించుకోవాలి.