ఇంటి వేలం నోటీసు: స్థానిక పత్రికా, కౌంటీ వెబ్‌సైటా, ఇంటి తలుపా? ఏది మేలు?

అమెరికాలో మార్ట్‌గేజ్ (ఇంటిని తాకట్టు పెట్టి తీసుకున్న రుణం) వాయిదాలు కట్టలేక ఇల్లు వేలానికి వచ్చినప్పుడు, ఆ వేలం ఎప్పుడు, ఎక్కడ జరుగుతుందో ముందుగా ప్రకటించాలని రాష్ట్రాల చట్టాలు నిర్దేశిస్తాయి. ప్రకటించే తీరు మాత్రం రాష్ట్రానికొకటి. జార్జియాలో ఆ నోటీసు కౌంటీ (మన జిల్లా వంటి పాలనా విభాగం) అధికారిక పత్రికగా గుర్తింపు పొందిన స్థానిక వార్తాపత్రికలో వారానికొకసారి చొప్పున నాలుగు వారాలు అచ్చు కావాలి. టెక్సస్ చట్టంలో పత్రిక ప్రసక్తే లేదు. అక్కడ వేలానికి కనీసం 21 రోజుల ముందు నోటీసును కౌంటీ కోర్టుహౌస్ తలుపు దగ్గర అంటించి, కౌంటీ క్లర్కు వద్ద దాఖలు చేసి, రుణగ్రహీతకు సర్టిఫైడ్ మెయిల్‌లో (మన రిజిస్టర్డ్ పోస్టు వంటిది) పంపాలి. కౌంటీకి సొంత వెబ్‌సైటు ఉంటే, దాఖలైన నోటీసును రుసుముగానీ రిజిస్ట్రేషన్‌గానీ లేకుండా ఎవరైనా చూడగలిగేలా అందులో కూడా పెట్టాలి. కాలిఫోర్నియా రెండు దారులూ పట్టింది: నోటీసును 20 రోజుల ముందు ఇంటి మీదా, ఒక బహిరంగ స్థలంలోనూ అంటించాలి, పత్రికలో వరుసగా మూడు వారాలు వేయించాలి.

పత్రికలో వేయించడం ఇంకా అవసరమా అన్న ప్రశ్న ఇప్పుడు గట్టిగానే వినిపిస్తోంది. 2005 నుంచి ఆ దేశంలో మూడో వంతుకు పైగా వార్తాపత్రికలు మూతపడ్డాయి. ఫ్లోరిడా 2022లో చట్టం మార్చి, ప్రభుత్వ సంస్థలు తమ ప్రకటనలను పత్రికకు బదులు కౌంటీ వెబ్‌సైటులో పెట్టుకోవచ్చని అనుమతించింది. అది 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ చర్చలో ఒక వర్గం ఖర్చు గురించీ, మరో వర్గం పత్రికల మనుగడ గురించీ మాట్లాడుతున్నాయి. నాకు మాత్రం అంతకన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న వేరే ఉందనిపిస్తుంది: ఈ నోటీసు ఎవరి కోసం? ఇంటి యజమాని కోసమా, వేలంలో పాట పాడేవారి కోసమా, వేలం సక్రమంగా జరిగిందో లేదో తర్వాత పరిశీలించేవారి కోసమా? ఈ ముగ్గురికీ ఒకే మార్గం మేలు కాదు.

ముందుగా యజమాని సంగతి చూద్దాం, ఎందుకంటే పోయేది ఆయన ఇల్లు. యజమానికి కబురు అందించే సాధనంగా చూస్తే పత్రికా ప్రకటన అన్నిటికన్నా బలహీనమైనదని చెప్పక తప్పదు. ఈ మాట అమెరికా సుప్రీంకోర్టే 1950లో ములేన్ కేసులో చెప్పింది. పత్రిక వెనుక పేజీల్లో చిన్న అక్షరాలతో వేసిన ప్రకటన ఆ ఊళ్లో ఉండే మనిషి కంట పడటం కూడా కేవలం యాదృచ్ఛికమేనని, పత్రిక అందే పరిధికి బయట ఉండేవారి విషయంలో ఆ అవకాశం ఇంకా తక్కువని జస్టిస్ రాబర్ట్ జాక్సన్ ఆ తీర్పులో రాశారు. ఎవరి పేరూ చిరునామా తెలుసో వారికి ఉత్తరం పంపకుండా పత్రికలో ప్రకటించి ఊరుకోవడం చాలదన్న సూత్రం అక్కడి నుంచే స్థిరపడింది. 1983లో మెన్నొనైట్ బోర్డు కేసులో, పన్ను బకాయికి ఇల్లు అమ్మేటప్పుడు ఆ ఇంటిపై తాకట్టు హక్కు ఉన్న సంస్థకు కూడా పత్రికా ప్రకటనతో సరిపెట్టకూడదని అదే కోర్టు తేల్చింది.

2006 నాటి జోన్స్ వర్సెస్ ఫ్లవర్స్ కేసును కొంచెం నిదానంగా చూడాలి. ఆర్కాన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో ఒక వ్యక్తి 30 ఏళ్ల పాటు మార్ట్‌గేజ్ వాయిదాలు కట్టి ఇల్లు సొంతం చేసుకున్నాడు. అప్పటికే భార్య నుంచి వేరుపడి మరో చోట ఉంటున్నాడు. మార్ట్‌గేజ్ తీరాక ఇంటి పన్ను కట్టేవారు లేకపోయారు. రాష్ట్రం ఆ ఇంటి చిరునామాకు పంపిన సర్టిఫైడ్ ఉత్తరాలు రెండు సార్లూ ఎవరూ తీసుకోక తిరిగి వచ్చాయి, పత్రికలో అమ్మకం ప్రకటన వెలువడింది, 80,000 డాలర్ల విలువైన ఇల్లు సుమారు 21,000 డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ సంగతి యజమానికి పత్రిక ద్వారా తెలియలేదు. ఇల్లు ఖాళీ చేయమన్న కాగితం ఇంట్లో ఉన్న కూతురికి అందినప్పుడు ఆమె చెబితే తెలిసింది. ఉత్తరం తిరిగి వచ్చిందని తెలిశాక కూడా ప్రభుత్వం చేతులు ముడుచుకోకూడదనీ, మామూలు పోస్టులో మళ్లీ పంపడమో, ఇంటి తలుపుకు నోటీసు అంటించడమో చేయవలసిందనీ కోర్టు తీర్పు చెప్పింది. తలుపుకు అంటించిన ఒక్క కాగితం ఆ కుటుంబానికి చేయగలిగిన మేలు పత్రికా ప్రకటన చేయలేకపోయింది.

అలాగని తలుపే సర్వోత్తమమని కూడా అనలేం. 1982లో గ్రీన్ వర్సెస్ లిండ్సే కేసులో కెంటకీలోని ప్రభుత్వ గృహసముదాయంలో అద్దెకున్నవారి తలుపులకు అంటించిన నోటీసులను పిల్లలు తరచూ చింపేస్తున్నారని వాటిని అంటించినవారే సాక్ష్యమిచ్చారు. తలుపు మీద కాగితంతో పాటు ఉత్తరం కూడా ఉండాలని ఆ అనుభవం చెబుతోంది. మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పైన చెప్పిన కేసులన్నీ ప్రభుత్వానికో కోర్టుకో ప్రమేయమున్న వ్యవహారాలు. ప్రైవేటు రుణదాత కోర్టుకు వెళ్లకుండా తాకట్టు పత్రంలోని అధికారంతో జరిపే వేలానికి, ఆస్తి పోయేముందు తగిన నోటీసు అందాలన్న ఈ రాజ్యాంగ రక్షణ వర్తించదని చాలా కోర్టులు భావించాయి. అందువల్ల అటువంటి వేలాల్లో యజమానికి ఉన్న ఆధారమల్లా ఆ రాష్ట్ర చట్టం నోటీసు గురించి రాసిన నాలుగు వాక్యాలే. వాటి కోసం ఇంత పట్టుదలగా వాదించడం అందుకే.

యజమానికి నోటీసు ఎక్కడ వచ్చిందన్న దానికంటే ఎప్పుడు వచ్చిందన్నది ఎక్కువ ముఖ్యం. 2014 జనవరి నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నిబంధనల ప్రకారం, సాధారణంగా 120 రోజులకు మించి బకాయి పడేదాకా సర్వీసర్ (రుణదాత తరఫున వాయిదాలు వసూలు చేసే సంస్థ) ఫోర్‌క్లోజర్ (బకాయి కోసం తాకట్టు ఇంటిని అమ్మే) ప్రక్రియ మొదలుపెట్టకూడదు. ప్రక్రియ మొదలైన తర్వాత కూడా, రుణగ్రహీత వేలానికి 37 రోజులకు మించి వ్యవధి ఉండగా రుణ సవరణ (రుణ షరతుల మార్పు) వంటి ఉపశమనం కోరుతూ పూర్తి దరఖాస్తు ఇస్తే, దాని సంగతి తేలేదాకా వేలం జరపకూడదు. ఇప్పుడు ఈ 37 రోజుల పక్కన రాష్ట్రాల గడువులు పెట్టి చూడండి. కాలిఫోర్నియాలో వేలం నోటీసుకు చట్టం అడిగే కనీస వ్యవధి 20 రోజులు, టెక్సస్‌లో 21 రోజులు, జార్జియాలో యజమానికి పంపే ఉత్తరానికి 30 రోజులు. ఫ్లోరిడాలో పత్రికా ప్రకటన రెండు వారాలు, అందులో రెండోది వేలానికి కనీసం ఐదు రోజుల ముందు వస్తే చాలు. అంటే రుణదాత చట్టం అడిగినంతవరకే చేస్తే, వేలం నోటీసు చేతికందేనాటికే అన్నిటికన్నా బలమైన ఫెడరల్ రక్షణ గడువు దాటిపోయి ఉంటుంది. మిన్నెసోటాలో ఆరు వారాల ప్రకటన ఉంది కనుక మొదటి ప్రకటన చూసినవారికి మాత్రం కొద్ది రోజులు మిగులుతాయి. పైగా అక్కడ ఇంట్లో ఉంటున్నవారికి నాలుగు వారాల ముందు నోటీసు విడిగా అందజేయాలి.

కాబట్టి యజమాని దృష్టితో చూస్తే, పత్రికా, వెబ్‌సైటా అన్న పోటీ అసలు విషయం కాదు. బకాయి పడిన 45వ రోజుకల్లా సర్వీసర్ పంపవలసిన మొదటి ఉత్తరమే ఆయనకు నిజమైన నోటీసు, దాన్ని తెరవకుండా పక్కన పెట్టడమే అతి పెద్ద నష్టం. ఉద్యోగం కోసం మరో రాష్ట్రానికి తరలి ఇల్లు అద్దెకిచ్చినవారు సర్వీసర్ దగ్గర తమ పోస్టు చిరునామా మార్పించుకోవాలి. లేకపోతే ఆ ఉత్తరం, ఆ తర్వాతి సర్టిఫైడ్ మెయిలూ అద్దె ఇంటి పెట్టెలోనే పడి ఉంటాయి. వేలం నోటీసు చూశాక కూడా అన్ని దారులూ మూసుకుపోవు. కాలిఫోర్నియాలో వేలానికి ఐదు పనిదినాల ముందు వరకు బకాయి మొత్తం కట్టి రుణాన్ని మళ్లీ గాడిలో పెట్టుకోవచ్చు. వేలం పూర్తి కాకముందే చాప్టర్ 13 దివాలా పిటిషన్ వేసి బకాయిని వాయిదాల్లో తీర్చుకునే వీలూ ఉంది. అయితే ఇవి డబ్బు సమకూర్చుకోగలిగినవారి దారులు. రుణ సవరణ కోరవలసినవారికి కాలమే ప్రధానం.

పాట పాడేవారి సంగతి వేరు. వేలానికి ఎంతమంది వస్తే ధర అంత పెరుగుతుంది. అప్పు తీరగా మిగిలినది యజమానికే చెందుతుంది. తక్కువ ధర పలికితే, అనుమతించే రాష్ట్రాల్లో లోటు సొమ్ము కోసం రుణదాత ఆయన మీదికే రావచ్చు. 1994లో బీఎఫ్‌పీ కేసులో సుప్రీంకోర్టు, రాష్ట్ర చట్టంలోని నియమాలన్నీ పాటించి జరిపిన ఫోర్‌క్లోజర్ వేలంలో పలికిన ధరనే దివాలా చట్టం కింద సహేతుకమైన విలువగా ఎంచాలని చెప్పింది. ఆ నియమాల్లో ప్రకటన ముఖ్యమైనది కనుక, అది ఎంతమందికి చేరిందన్నది యజమాని జేబుకు సంబంధించిన విషయం. ఈ కొలత మీద వెబ్‌సైటు పత్రికను స్పష్టంగా మించిపోతుంది. ఇళ్లు కొనేవారు వీధి పేరుతోనో జిప్ కోడ్‌తోనో వెతుక్కుంటారు; లాట్, బ్లాక్ వంటి స్థల రికార్డు నంబర్లతో నిండిన అచ్చు పేరాలను వరుసగా చదివే ఓపిక వృత్తిగా కొనేవారికే ఉంటుంది. ఆ కొద్దిమందే వచ్చే వేలంలో పోటీ తక్కువ, ధరా తక్కువ. చాలా రాష్ట్రాల్లో పత్రికల సంఘాలే అచ్చయిన నోటీసులన్నిటినీ ఒక ఉచిత వెబ్‌సైటులో చేరుస్తున్నాయి. అక్కడ ఈ తేడా చాలావరకు తగ్గింది.

అంతమాత్రాన అచ్చు ప్రకటనను తీసేయడానికి నేను ఒప్పుకోను. వేలం సక్రమంగా జరిగిందని రుజువు చేయవలసి వచ్చినప్పుడు పత్రికకు సాటి వచ్చేది లేదు. రుణదాతకుగానీ యజమానికిగానీ చెందని మూడో పక్షం తేదీ వేసి అచ్చు వేసిన కాగితం వేల ఇళ్లకూ గ్రంథాలయాలకూ చేరిపోయాక, దాన్ని వెనక్కి పిలిచి ఒక అంకె మార్చడం ఎవరి తరమూ కాదు. ఏ తేదీల్లో ఎన్నిసార్లు వేశామో పత్రిక ప్రచురణకర్త ప్రమాణపత్రం ఇస్తారు, నాలుగు వారాలకు బదులు మూడు వారాలే వేసినట్టు తేలితే యజమాని దాని ఆధారంగా వేలాన్ని కోర్టులో ప్రశ్నించవచ్చు. వెబ్ పేజీ విషయంలో అది ఏ రోజు పెట్టారు, మధ్యలో ఎన్ని గంటలు తెరుచుకోలేదు, తర్వాత ఎవరు సవరించారు అన్నవి ఆ సైటు నిర్వాహకులు చెబితేనే తెలుస్తాయి. 1789లో మొదటి కాంగ్రెస్ తాను చేసిన చట్టాలను కనీసం మూడు పత్రికల్లో ప్రచురించాలని నిర్దేశించింది. ప్రభుత్వం తన పనికి తానే సాక్షిగా ఉండకూడదన్న ఆలోచన అంత పాతదని నేననుకుంటాను.

ఈ కారణంగానే మార్ట్‌గేజ్ వేలానికీ పన్ను బకాయి వేలానికీ తేడా చూపవలసి ఉంది. మార్ట్‌గేజ్ వేలంలో కౌంటీకి సొంత లాభం లేదు గనుక కౌంటీ వెబ్‌సైటును కొంతవరకు తటస్థ వేదికగా ఎంచవచ్చు. పన్ను వేలంలో అమ్మేదే ప్రభుత్వం. అమ్మేవారి వెబ్‌సైటులోనే నోటీసు, దానికి అమ్మేవారిదే ధ్రువీకరణ అంటే అది యజమానికి న్యాయం కాదు. అక్కడ పత్రికా ప్రకటన తప్పనిసరిగా ఉండాలి.

పత్రికకు వ్యతిరేకంగా చెప్పే వాటిలో ఖర్చు వాదనకు బలముంది. నిడివిని బట్టి వసూలు చేసే ఆ రుసుమును చివరికి రుణగ్రహీత బకాయిలోనే కలుపుతారు. ఇల్లు నిలబెట్టుకోవడానికి బకాయి తీర్చేవారు ఆ డబ్బు కూడా కట్టాలి. స్థలం హద్దులు చెప్పే పొడవాటి సర్వే వర్ణనను నాలుగు వారాలూ అచ్చు వేయడం ఎందుకో నాకు అర్థం కాదు. వీధి చిరునామా, వేలం తేదీ, స్థలం, అమ్మే ట్రస్టీ (వేలం జరిపే వ్యక్తి లేదా సంస్థ) పేరు, పూర్తి పాఠం దొరికే చోటు అచ్చులో ఉంటే సరిపోతుంది, సర్వే వర్ణన వెబ్‌లో ఉండవచ్చు. నోటీసులు చూసి మోసగాళ్లు తలుపు తడతారన్న భయం నిజమే గానీ, అది పత్రికకు మాత్రమే చెందిన దోషం కాదు; వెబ్‌సైటులో వారికి పని ఇంకా సులువు. ఉపశమనం ఇప్పిస్తామంటూ ముందుగానే రుసుము అడగడాన్ని ఫెడరల్ నిబంధన నిషేధించింది, కనుక అలా అడిగిన మనిషిని అక్కడితోనే పంపించేయాలి.

అద్దెకున్నవారికి మాత్రం తలుపు మీది నోటీసే మేలు. ఇల్లు చేతులు మారినా నిజమైన అద్దెదారుకు కనీసం 90 రోజుల గడువు ఇవ్వాలని ఫెడరల్ చట్టం ఉన్నా, వేలం సంగతే తెలియనివారు ఆ హక్కును అడగలేరు.

ఒక్కో అవసరానికి తగిన మార్గం ఎంచుకోవాల్సి వస్తే, యజమాని కోసం ఉత్తరాన్నీ తలుపునూ, ధర కోసం వెబ్‌సైటునూ, సాక్ష్యం కోసం పత్రికనూ ఎంచుకుంటాను. కాలిఫోర్నియా పద్ధతికి మిన్నెసోటా ఆరు వారాలను కలిపితే, నా దృష్టిలో ఇప్పుడున్న వాటన్నిటికన్నా మంచి నియమం అవుతుంది. స్థానిక పత్రికే మిగలని కౌంటీల్లో ఎక్కడో పక్క కౌంటీ పత్రికలో వేయించి ప్రకటించామనిపించుకోవడం కంటే టెక్సస్ పద్ధతే నయం. కాకపోతే అక్కడ క్లర్కు వెబ్‌సైటులో పెట్టిన ప్రతి నోటీసుకూ తేదీ, సమయం ముద్ర వేసి, ఆ తర్వాత ఎవరూ మార్చలేని నకలును కౌంటీ గ్రంథాలయంలో కూడా భద్రపరచాలి.