ముంజేయి, మణికట్టు నిర్మాణంపై నల్లగొండలో రెండు రోజుల శిక్షణ: మసాజ్ చేసేవారికి ఏం దొరుకుతుంది?

పుట్టపాక పరిసరాల్లో పదేళ్లుగా మసాజ్ చేస్తున్న నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువ మంది నేత కార్మికులే. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి వరుసగా అమర్చాలంటే, చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. తల్లి లక్ష్మి ఆ పనితో పడుతున్న బాధ చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేశారని ఇక్కడ అందరికీ తెలుసు. యంత్రంతో ఆ బాధ తగ్గినా, రంగు అంటకుండా నూలుకు అక్కడక్కడా చిటికి (ముడి) కట్టే వేళ్లకూ, మగ్గంలో అడ్డనూలును అటూ ఇటూ మోసే నాడె కోసం రోజంతా తాడు లాగే మణికట్టుకూ నొప్పి అలాగే ఉంది. అందుకే 2,500 రూపాయలు కట్టి, నల్లగొండలోని ఒక శిక్షణ కేంద్రంలో ఈ తరగతికి వెళ్లాను.

మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా ఉన్న 27 ఎముకల పేర్లు చెప్పడం త్వరగానే ముగిసింది. ఆ తర్వాతి గంట మాత్రం మొత్తం రుసుముకు సరిపోయేంత విలువైనది. వేళ్లలో వాటిని కదిపే కండరాలు ఉండవని, వేళ్లను బలంగా ముడిచే కండరాలు మోచేతి లోపలి వైపు నుంచీ ముంజేతి ఎముకల నుంచీ, చాచే కండరాలు ఎక్కువగా మోచేతి వెలుపలి వైపు నుంచీ బయలుదేరి, తాళ్లవంటి టెండన్ల ద్వారా వేళ్లను లాగుతాయని ఉపాధ్యాయురాలు వివరించారు. ఆమె చెప్పినట్టు ముంజేతిని బల్ల మీద ఆనించి, ఒక్కో వేలినే కదుపుతూ రెండో చేత్తో తడిమి చూస్తే, ఏ వేలు కదిలితే ముంజేతిలో ఎక్కడ కండ ఉబ్బుతుందో స్పష్టంగా తెలిసింది. ఇంతకాలం నేను నొప్పి ఉన్న వేలికే నూనె రాసి రుద్దేవాణ్ణి. ఇప్పుడు ముంజేతి నుంచే మొదలుపెడుతున్నాను.

రెండో రోజు కార్పల్ టన్నెల్ గురించి చెప్పారు. మణికట్టు ఎముకలు అడుగుగా, గట్టి పట్టీ పైకప్పుగా ఉన్న ఆ ఇరుకు దారిలో 9 టెండన్లూ మీడియన్ నరమూ కలిసి సాగుతాయి. మణికట్టు నడిమధ్యన బొటనవేలితో బలంగా నొక్కితే ఆ నరమే నలుగుతుంది. నేను ఇన్నేళ్లూ అక్కడే నొక్కానన్న బాధ నన్ను ఇంకా వదలలేదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కితే మీడియన్ నరాన్నీ, చిటికెనవేలు తిమ్మిరెక్కితే అల్నార్ నరాన్నీ అనుమానించాలనీ, బొటనవేలి మొదట్లోని కండ తగ్గిపోతుంటే మసాజ్ ఆపి డాక్టరు దగ్గరికి పంపాలనీ చెప్పారు.

లోపాలూ ఉన్నాయి. పద్దెనిమిది మందికి ఒక్కటే ఎముకల నమూనా పెట్టారు. చెయ్యి ఆనించి కింద పడినవారికి బొటనవేలి మొదట్లోని గుంటలో నొక్కితే నొప్పి వస్తే, మణికట్టులోని స్కాఫాయిడ్ ఎముక విరిగి ఉండవచ్చన్న ముఖ్య విషయాన్ని రెండు నిమిషాల్లో దాటేశారు; బండి మీద నుంచి పడి నేరుగా మా దగ్గరికే వచ్చేవారు ఎందరో ఉన్నారు కనుక దానికి ఒక పూటైనా కేటాయించాలి. నోట్సు ఇంగ్లీషులోనే ఇవ్వడంతో నా పక్కన కూర్చున్న ఇద్దరు అక్కలు దాన్ని చదవలేకపోయారు, ఇది సరిదిద్దాల్సిందే.

ఈ పని చేసేవారు తప్పక చేరవచ్చు. ముందు వరుసలో కూర్చుని, చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాసుకోవాలి.