డ్రాగ్‌స్టర్ నమూనా చట్రానికి ఇత్తడి గొట్టమా, ప్లాస్టిక్ గొట్టమా: ఏది మేలు?

కిట్‌లో వచ్చే ముక్కలను అతికించడంతో సరిపెట్టుకోకుండా, ప్రతి భాగాన్నీ సొంతంగా కోసి, వంచి, 1/8 స్కేలులో డ్రాగ్ రేసింగ్ (తిన్నని బాటపై కొద్ది దూరం అతివేగంగా దూసుకుపోయే పోటీ) కారు నమూనా చేయదలచినవారు అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసినది చట్రం దేనితో చేయాలన్న విషయం. మామూలు కారు నమూనాలో చట్రం బాడీ కింద దాగిపోతుంది కనుక దాని లోపాలు ఎవరి కంటా పడవు. 1960ల నాటి అమెరికన్ స్లింగ్‌షాట్ డ్రాగ్‌స్టర్‌లో మాత్రం కారంటే దాదాపుగా చట్రమే: ముందు చక్రాల దాకా బారుగా సాగే సన్నని ఉక్కు గొట్టాలు, వెనక ఇరుసుకు ముందు ఇంజిను, ఆ ఇరుసుకు వెనక డ్రైవరు, అతని చుట్టూ వంచిన గొట్టాల పంజరం.

స్లింగ్‌షాట్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో డ్రాగ్ రేసర్ డాన్ గార్లిట్స్ కారులో ట్రాన్స్‌మిషన్ పేలి ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. 1971లో ఆయన ఇంజినును డ్రైవరు వెనక అమర్చిన కారుతో తిరిగి వచ్చి గెలవడంతో, కొద్ది ఏళ్లలోనే పాత తరహా కార్లు అగ్రశ్రేణి పోటీల నుంచి తప్పుకున్నాయి. నమూనాలు చేసేవారికి ఆ పాత తరహాయే ఎక్కువ పని కల్పిస్తుంది, చేసిన పనిని ఎక్కువగా చూపిస్తుంది కూడా. పైగా నేటి అగ్రశ్రేణి డ్రాగ్‌స్టర్ అయిన టాప్ ఫ్యూయల్ కారు వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 300 అంగుళాలు. 1/8 స్కేలులో అది 95 సెంటీమీటర్లు దాటుతుంది, ఏ అద్దాల బీరువాలోనూ పట్టదు. 200 అంగుళాల స్లింగ్‌షాట్ అయితే 63.5 సెంటీమీటర్లతో సరిపోతుంది.

కొలతల విషయంలో రెండు పదార్థాలకూ తేడా లేదు. అమెరికన్ కార్ల గొట్టాలు అంగుళాల లెక్కన ఉంటాయి. ఒకటిన్నర అంగుళాల గొట్టం 1/8 స్కేలులో సరిగ్గా 3/16 అంగుళం, ఒకటింపావు అంగుళాలది 5/32, అంగుళానిది 1/8 అవుతుంది. కె అండ్ ఎస్ కంపెనీ ఇత్తడి గొట్టాలు, ఎవర్‌గ్రీన్ కంపెనీ స్టైరీన్ (పాలీస్టైరీన్ ప్లాస్టిక్) గొట్టాలు రెండూ ఈ సైజుల్లో దొరుకుతాయి. తేడా పొడవులో వస్తుంది. స్టైరీన్ గొట్టం సాధారణంగా 14 అంగుళాలే ఉంటుంది, ఇత్తడి గొట్టం 36 అంగుళాల పొడవులోనూ దొరుకుతుంది. మన చట్రానికి 25 అంగుళాలకు మించిన ప్రధాన గొట్టాలు కావాలి కనుక, స్టైరీన్‌తో చేస్తే ప్రతి గొట్టానికీ నడుమ ఒక అతుకు తప్పదు. లోపల మరో సన్నని గొట్టం దూర్చి అతికితే బలంగానే ఉంటుంది గానీ, ఆ చోట గీత కనపడకుండా చేయడానికి పుట్టీ, నీటి కాగితం పని పెరుగుతుంది.

అసలు తీర్పు చెప్పేది బిగువు. ఇత్తడి సాగుడు గుణకం సుమారు 100 గిగాపాస్కల్స్, పాలీస్టైరీన్‌ది సుమారు 3. అంటే ఒకే కొలత గల గొట్టాలను తీసుకుంటే ఇత్తడిది ముప్పై రెట్లకు పైగా గట్టిది. స్టైరీన్ గొట్టాల గోడ మందంగా ఉండడం ఈ అంతరాన్ని కొంత తగ్గించినా పూడ్చలేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, స్టైరీన్ ఎడతెగని బరువు కింద నెలల తరబడి నెమ్మదిగా సాగుతూ పోతుంది. చేసిన రోజున దారం పట్టినట్టు నిటారుగా ఉన్న చట్రం ఏడాది తరువాత నడుమ కొద్దిగా కుంగడానికి ఇదే కారణం. ఇంజిను బ్లాకు, సూపర్‌చార్జర్ (ఇంజినులోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) అల్యూమినియంతో లేతు మీద చేయించాలనే ఆలోచన ఉన్నవారికి ఈ ఒక్క లక్షణమే చాలు, స్టైరీన్‌ను పక్కన పెట్టడానికి.

అయితే అతికే పనిలో స్టైరీన్ సుఖం స్టైరీన్‌దే. బ్లేడుతో తెగుతుంది, ద్రావకం కుంచెతో తాకిస్తే రెండు అంచులూ కరిగి ఒకటైపోతాయి, కోణం తప్పితే అక్కడికక్కడే కోసి మళ్లీ పెట్టుకోవచ్చు. ఇత్తడి ఇంత దయ చూపదు. ఒక గొట్టం మరో గొట్టానికి ఆనే చోట అంచును అర్ధచంద్రాకారంలో తొలచాలి. దానికి ఆనవలసిన గొట్టం ఎంత లావుందో అంతే లావున్న గుండ్రటి ఆకురాయి వాడితే వంపు దానంతట అదే కుదురుతుంది. దీపానికి ఎదురుగా పట్టి చూసినప్పుడు అతుకులో వెలుతురు కనపడకూడదు. సందు లేని అతుకులోకి కరిగిన టంకం తనే పాకుతుంది, సందు ఉన్న అతుకు మీద గడ్డకట్టి నిలిచిపోతుంది. రెండు చివరలూ మూసుకుపోయే గొట్టానికి కనపడని వైపు సన్నని రంధ్రం పెట్టడం మరవకూడదు. లేకపోతే లోపలి గాలి వేడెక్కి, సరిగ్గా చివరి అతుకు పూర్తయ్యే క్షణంలో టంకాన్ని బయటకు ఊదేస్తుంది.

కొత్తవారిని భయపెట్టేది, ఒక అతుకు వేస్తుంటే పక్క అతుకు ఊడిపోవడం. దీనికి రెండు రకాల టంకం వాడడం మంచి ఉపాయం: పంజరం వంటి విడి భాగాలను 221 డిగ్రీల దగ్గర కరిగే తగరం-వెండి టంకంతో ముందుగా పూర్తి చేసుకుని, వాటిని చట్రానికి కలిపేటప్పుడు 183 డిగ్రీల నుంచే కరగడం మొదలయ్యే తగరం-సీసం టంకం వాడాలి. దగ్గరి అతుకుల చుట్టూ తడి దూది చుట్టాలి. పూర్తి పరిమాణపు డ్రాయింగును చెక్కపలక మీద అతికి, గొట్టాలకు ఇరువైపులా మేకులు కొట్టి బిగించుకోకుండా ఏ పదార్థంతోనూ పని మొదలుపెట్టకూడదు. టంకం పట్టేందుకు ఇత్తడికి రాసే ఆమ్ల ఫ్లక్స్‌ను అదే రోజు వంటసోడా నీటితో కడిగేయాలి, లేదంటే రంగు కింద పచ్చగా చిలుము పడుతుంది.

పైపూతలో ఇత్తడిది తిరుగులేని పైచేయి. ఆ కాలపు కార్లలో చాలావాటి చట్రాలకు క్రోమ్ పూత ఉండేది. ఇత్తడి చట్రాన్ని పాలిష్ పట్టించి నికెల్ పూత వేయిస్తే అది నిజమైన లోహపు మెరుపు. స్టైరీన్ మీద నిగనిగలాడే నలుపు వేసి, ఆపైన క్రోమ్ లాకరు చల్లితే ఫొటోలో బాగానే ఉంటుంది, చేత్తో పట్టుకుంటే వేలిముద్రలు పడి మసకబారుతుంది.

త్రీడీ ప్రింటింగ్ సంగతి అడిగేవారు ఉంటారు. సిలిండర్ హెడ్లకూ సూపర్‌చార్జర్‌కూ అది చక్కని మార్గమే గానీ, పొడవాటి సన్నని చట్రానికి పనికిరాదు. ప్రింటింగ్‌కు వాడే మామూలు రెజిన్ పెళుసు, పీఎల్ఏ అనే ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో తలుపులు మూసి ఉంచిన కారులో ఆ వేడి రావడం కష్టమేమీ కాదు.

కాబట్టి 1/8 స్కేలుకు ఇత్తడి అన్నది నా అభిప్రాయం, అందులో సందేహం లేదు. 1/16 స్కేలులో అయితే లెక్క మారుతుంది: వీల్‌బేస్ 12.5 అంగుళాలకు తగ్గి 14 అంగుళాల స్టైరీన్ గొట్టం దాదాపుగా సరిపోతుంది, బరువు బాగా తగ్గుతుంది, టంకం పని ఎన్నడూ చేయనివారు అక్కడ మొదలుపెట్టడమే తెలివైన పని.

ఇత్తడి చట్రం మీద స్టైరీన్ బాడీ అతికించేవారు ఒక్కటి గమనించాలి. వేడికి స్టైరీన్ ఇత్తడి కన్నా మూడు రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. చలికాలపు ఉదయానికీ విజయవాడ మే నెల మధ్యాహ్నానికీ ఇరవై డిగ్రీల తేడా అనుకుంటే, 63 సెంటీమీటర్ల పొడవు మీద రెండింటి మధ్య అర మిల్లీమీటరుకు మించి వ్యత్యాసం వస్తుంది. అందుకని బాడీ పలకను ఒక చివర మాత్రమే ఎపాక్సీతో బిగించి, మిగతా చోట్ల పొడవాటి కంతల్లో జారే మరలతో నిలపాలి. అసలు కార్ల మాదిరిగా అల్యూమినియం రేకునే వాడితే ఈ తలనొప్పి చాలావరకు తప్పుతుంది, ఎందుకంటే దాని వ్యాకోచం ఇత్తడికి దగ్గరగా ఉంటుంది. ఆ రేకును వంచే ముందు సబ్బుతో ఒక గీత గీసి, ఆ గీత గోధుమరంగు దాటి నల్లబడేదాకా సన్నని మంట మీద కాచి చల్లారనిస్తే, ముక్కు భాగపు వంపులకు సైతం చేతులతోనే లొంగుతుంది.