సవరం కొనాలి: గుండు జుట్టా, చిక్కు జుట్టా?

అమ్మాయి పెళ్లికి సవరం కొందామని వెళ్తే దుకాణంలో రెండు తీసి పెట్టారు. ఒకే నలుపు, ఒకే పొడవు. మెరుపు చవకదానికే ఎక్కువ. ధరలకు మాత్రం పొంతనే లేదు.

ఖరీదైనది గుండు జుట్టు, తిరుమల కల్యాణకట్ట లాంటి చోట్ల భక్తులిచ్చే తలనీలాలు. చవకది చిక్కు జుట్టు. దువ్వెనకు వచ్చినది ఉండచుట్టి దాచిపెట్టి, వీధిలోకి వచ్చేవాడికిచ్చి స్టీలు గిన్నె తీసుకుంటామే, అదే.

అసలు తేడా కంటికి ఆనదు. కుదురు అడుగున కణాలు పుడుతూ, పైకి జరుగుతూ, కెరాటిన్ అనే గట్టి ప్రోటీన్‌తో నిండి చచ్చిపోతాయి. లోపలివి వెంట్రుకకు బలాన్నీ రంగునీ ఇచ్చే కార్టెక్స్ అవుతాయి. బయటివి పలచబడి, పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి పొలుసులుగా పరుచుకుంటాయి. ఒక్కో పొలుసు మందం సుమారు అర మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అంచులన్నీ కొస వైపుకే. నమ్మకం లేకపోతే ఓ పొడుగు వెంట్రుకను రెండు వేళ్ల మధ్య పట్టుకుని ముందుకీ వెనక్కీ నలపండి. ఎటు తిప్పి పట్టుకున్నా కుదురు వైపుకే జరుగుతుంది!

గుండు జుట్టులో కుదుళ్లన్నీ ఒకే వైపు ఉంచొచ్చు. చిక్కు జుట్టులో సగం తలకిందులు. ఎదురెదురు పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని, తడిస్తే గొర్రె ఉన్నిలా ముద్దకడతాయి. అందుకే చాలాచోట్ల యాసిడ్‌తో పొలుసులు తీసేసి సిలికాన్ పూస్తారు. దుకాణంలో మెరుపు దానిదే. నాలుగు తలస్నానాలకు అది పోతే మిగిలేది పీచు. చచ్చిన వెంట్రుకకు పొలుసు మళ్లీ రాదు. ఓపిగ్గా విడదీసి కుదుళ్లు సరిచేసిన చిక్కు జుట్టూ ఉంటుంది లెండి, దాన్ని తీసిపారేయలేం.

నైలాన్ సవరానికి పొలుసుల గొడవే లేదు. కానీ వేడి తగిలితే కరుగుతుంది, ఆ మెరుపు చూస్తేనే తెలిసిపోతుంది.

పెళ్లికూతురికి చవకదే కొన్నాను. పూలజడ కింద ఒక్క పూట ఉండేదానికి అంత డబ్బెందుకు? మా అత్తయ్య రోజూ పెట్టుకునేదానికి మాత్రం గుండు జుట్టే. కొనేముందు కుదురు నుంచి కొసకు, కొస నుంచి కుదురుకు వేళ్లతో దువ్వి చూశాను. కిందికి జారింది, పైకి గరగరలాడింది. చవకది రెండు వైపులా ఒకేలా జారింది. కొట్టువాడు నవ్వుతూ, “మీరూ ఈ వ్యాపారమేనా అమ్మా?” అన్నాడు.