పాటంతా ఒకే రాగమా, రాగమాలికా?

జయదేవుడి గీతగోవిందంలో పాటల్ని అష్టపదులంటారు. వాటిలో మొదటిది ‘ప్రళయపయోధిజలే’. దశావతారాలకు పది చరణాలు, కవి ముద్రతో, అంటే తన పేరుతో, పదకొండోది. భజన సంప్రదాయంలో దీన్ని మొదటి నుంచి చివరి దాకా సౌరాష్ట్ర రాగంలోనే పాడతారు. నాట్యానికి వచ్చేసరికి చాలామంది రాగమాలికగా పాడిస్తారు. మత్స్యానికి ఒక రాగం, కూర్మానికి ఇంకొకటి, నరసింహుడికి మరొకటి. మరి ఏది మేలు?

రాగమాలిక అంటే ఒకే రచనలో రాగాలు వరసగా మారడం. కీబోర్డు నేర్చుకునే పిల్లలు దీన్ని ‘స్కేల్ మారింది’ అంటుంటారు. నిజానికి శ్రుతి కదలదు. అదే షడ్జం (స) మీద స్వరస్థానాలు, గమకాలు (స్వరాన్ని ఊపే తీరు), నడక మారతాయి. మామూలుగా తాళం కూడా అదే ఉంటుంది. తాళం కూడా మారిస్తే అది రాగతాళమాలిక. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు 108 రాగతాళాలతో అలాంటిది తెలుగులోనే రాశారు. కొడుకు 14 రాగాలతో ‘శ్రీ విశ్వనాథం’ కట్టి, రాగాల పేర్లను సాహిత్యంలోనే పొదిగారు.

ఒకే రాగంలో పదకొండు చరణాలంటే విసుగు కాదా అని అడుగుతారు. ‘ఎందరో మహానుభావులు’ వినండి. చరణం మీద చరణం వస్తూనే ఉంటుంది, అంతా శ్రీరాగమే. అయినా ఎక్కడా వెనక్కి తిరిగిన భావన ఉండదు, ఎందుకంటే ప్రతి చరణానికి త్యాగరాజు స్వరం కొత్తగా వేశారు. విసుగు రాగం వల్ల రాదు, అన్ని చరణాలకూ ఒకే మెట్టు (బాణీ) వాడితే వస్తుంది. అయితే భజనలో ఆ ఒకే మెట్టే బలం. రెండో చరణానికల్లా కూర్చున్నవాళ్లంతా అందుకుంటారు. అక్కడ రాగమాలిక పెడితే పాడేది ఒక్కరే, మిగతావాళ్లు తాళం వేస్తూ కూర్చోవాలి.

రాగమాలికలో ఇబ్బంది వేరే చోట ఉంది. రాగం కుదురుకునే లోపే తర్వాతది వచ్చేస్తుంది. మోహన, హిందోళం లాంటివి ఒక్క పలుకులో తెలిసిపోతాయి. తోడి అలా కాదు, దానికి చోటు కావాలి. రెండు ఆవర్తనాల్లో (తాళం రెండు చుట్లలో) తోడిని ఇరికిస్తే వినేవాళ్లకు అందేది రాగం నీడే.

పక్కపక్కన ఏ రాగాలు పెట్టాలన్నది ఇంకా చిక్కు. చాలామంది తేడా కొట్టొచ్చినట్టు ఉండాలంటారు. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ పేరున ప్రసిద్ధమైన నవరాగమాలిక వర్ణం (తొమ్మిది రాగాల అభ్యాస రచన) ‘వలచి వచ్చి’ చూస్తే ఆ మాట నిలవదు. కేదారం, శంకరాభరణం, కల్యాణి, బేగడ, కాంభోజి, యదుకులకాంభోజి, బిలహరి, మోహన, శ్రీ అని నడుస్తుంది. కేదారం పక్కనే శంకరాభరణం, రెండూ 29వ మేళం (మూల స్వరవరస) వాళ్లే. బిలహరి, మోహనలకు ఆరోహణ ఒక్కటే: స రి గ ప ద స. దిగేటప్పుడు ని, మ పలికితేనే బిలహరి. చుట్టాలను పక్కపక్కన కూర్చోబెట్టి ‘ఎవరెవరో చెప్పు’ అని గాయకుణ్ణి పరీక్ష పెట్టినట్టుంటుంది. నేను నేర్చుకున్న రోజుల్లో మోహనలోకి వచ్చాక కూడా నా గొంతు బిలహరి నిషాదాన్ని వెతుక్కునేది. కాబట్టి రాగాలు విడివిడిగా గట్టిపడని పిల్లలకు రాగమాలిక ఇవ్వడం నాకు ఇష్టం లేదు. వర్ణాలు నాలుగైదు బాగా పట్టుబడ్డాక ఈ వర్ణం కంటే మంచి పాఠం లేదు.

అష్టపది విషయానికొస్తే, భజనకు సౌరాష్ట్రమే. పదిమంది కలిసి పాడే చోట దాన్ని కదపను. నాట్యానికి రాగమాలికే నా ఓటు. అవతారం మారినప్పుడు నర్తకి ముఖం, నడక మారతాయి, పాట మాత్రం అక్కడే నిలబడితే వెలితిగా ఉంటుంది. కానీ పదకొండూ మార్చనక్కర్లేదు. మత్స్య కూర్మాలు ఒకే రాగంలో పోనిచ్చి, వరాహం దగ్గర మార్చి, నరసింహుడికి అఠాణా ఉంచుకోవచ్చు. బుద్ధుడి చరణానికి కాస్త నెమ్మదైనది చాలు.

ఒక్క జాగ్రత్త. ప్రతి చరణం చివర ‘జయ జగదీశ హరే’ వస్తుంది. దాన్ని ప్రతిసారీ సౌరాష్ట్రంలోకి తేవాలని కొందరు చూస్తారు. సౌరాష్ట్రంలో శుద్ధ రిషభం, అంటే కింది ‘రి’. కల్యాణి లాంటి రాగంలో చరణం పాడి, చతుశ్రుతి రిషభం (పై ‘రి’) చెవిలో ఉండగానే దాని మీద దిగితే అపస్వరం పడినట్టే వినిపిస్తుంది. ఆ మూడు మాటల్నీ ఆ చరణం రాగంలోనే ముగించి, తర్వాతి రాగాన్ని వీణ మీదో వయొలిన్ మీదో ఒక చిన్న పలుకుతో చూపించి, అప్పుడు ఎత్తుకోవడం సుఖం.