పేరు వింటే పరుగెత్తుకొచ్చేలా: పటమటలో మేము తీసుకున్న కుక్కపిల్ల శిక్షణ

మా మూడు నెలల నాటు కుక్కపిల్ల రాగి, తన పేరు వినగానే మంచం కిందికి దూరేది. తప్పు మాదే, చెప్పు కొరికినా, చాప తడిపినా "రాగీ!" అని గద్దించడం ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది. అందుకే విజయవాడ పటమటలోని మా ఇంటికే వచ్చి నేర్పే ఒక శిక్షకుడిని నాలుగు వారాలకు కుదుర్చుకున్నాం.

మొదటి రోజు ఆయన కుక్కకన్నా మాకే ఎక్కువ పాఠం చెప్పారు. ఉప్పు, ఉల్లిపాయ తగలకుండా ఉడికించిన కోడిమాంసాన్ని శనగగింజంత ముక్కలుగా తుంచుకొని, పేరును ఒక్కసారే ఉల్లాసంగా పలికి, పిల్ల తల తిప్పి చూసిన క్షణంలోనే "శభాష్" అంటూ ముక్క అందించాలని, ఆలస్యమైతే ఆ ముక్క దేనికి దక్కిందో దానికి అర్థం కాదని వివరించారు. జీర్ణక్రియపై పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్, ఒక శబ్దం వెంటే తిండి వస్తుంటే కుక్కలు ఆ రెండింటినీ ముడిపెట్టుకుంటాయని గమనించారని, పేరు విషయంలోనూ కొంతవరకు జరిగేది అదేనని తర్వాత తెలుసుకున్నాను. మందు వేయడానికో, స్నానానికో అయితే పేరుతో పిలవకుండా మనమే దాని దగ్గరకు వెళ్లాలట. నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట అదే.

సాధన ముందు తలుపు మూసిన గదిలో, తర్వాత వరండాలో, చివరకు ఆటోల హారన్లు మోగే గేటు దగ్గర, విడతకు అయిదు నిమిషాలకు మించకుండా సాగింది. పదో రోజున మా అమ్మ వంటింట్లోంచి పిలిస్తే, రాగి గచ్చు మీద కాళ్లు జారుతూనే పరుగెత్తింది.

లోపమల్లా సమయపాలనే. సాయంత్రం ఆరింటికని ముందుగానే రుసుము తీసుకుని, పిల్ల నిద్రకు తూగే ఏడున్నరకు వచ్చిన రోజులు నాలుగున్నాయి. అయినా రెండో కుక్కపిల్లను తెచ్చుకుంటే ఆయననే పిలుస్తాను, ఈసారి ఉదయం పూట.